కరోనా లాంటి టైంలో ఫ్యామిలీతో ఫారిన్ ట్రిప్: వెళ్లాలా వద్దా, ఎలా డిసైడ్ చేస్కోవాలి?

ట్రిప్ మాట రాగానే మనందరం ముందు టికెట్ రేట్లు చూస్తాం, తర్వాత హోటల్, తర్వాత వీసా. అంటువ్యాధి టైంలో మాత్రం నేనైతే తిరుగు ప్రయాణం నుంచే లెక్క మొదలుపెట్టమంటాను. 2022 జనవరిలో మాకు జరిగింది చెప్తా. దుబాయ్‌లో ఎక్స్‌పో నడుస్తోంది, పిల్లలు రోజూ అడుగుతున్నారు, సరే 8న బయల్దేరి 13కి హైదరాబాద్ వచ్చేసి భోగికి తెనాలిలో అత్తయ్యగారింట్లో ఉందామని అన్నీ బుక్ చేస్కున్నాం. 7వ తారీకున కేంద్రం కొత్త రూల్ ఇచ్చింది, 11 నుంచి ఏ దేశం నుంచి వచ్చినా 7 రోజులు ఇంట్లోనే క్వారంటైన్, ఎనిమిదో రోజు మళ్లీ ఆర్‌టీపీసీఆర్. సూట్‌కేసులు అప్పటికే హాల్లో ఉన్నాయి. ఆ రాత్రి మేం ఏ వరసలో ఆలోచించామో అదే వరసలో రాస్తున్నా, మీకు పనికొస్తుందని.

మొదటి పని: అక్కడ ఇరుక్కుపోతే ఏంటి పరిస్థితి?

ఇది నోటితో మాట్లాడుకుంటే తేలదు, కాగితం మీద రాయాలి. మా పాప మ్యాథ్స్ నోట్‌బుక్ చివరి పేజీలో మా నలుగురి పేర్లు రాశాం. అప్పట్లో ఇండియాకి తిరిగి రావాలంటే 72 గంటల లోపు చేయించిన నెగెటివ్ రిపోర్ట్ ప్రభుత్వం వాళ్ల ఎయిర్ సువిధ పోర్టల్లో పెట్టాలి, అంటే వచ్చే ముందు ఒక్కరికి పాజిటివ్ వచ్చినా ఆ ఒక్కరూ ఆగిపోవాల్సిందే. మా ఆయన పేరు పక్కన మిగిలిన లీవులు 6 అని రాశాం, నా పేరు పక్కన 4. బాబుకి పాజిటివ్ వస్తే నేను ఉండిపోతా, మా ఆయన పాపని తీస్కొచ్చేస్తారు. మరి నాకూ బాబుకీ ఇద్దరికీ వస్తే? మా ఆయనకీ నాకూ వస్తే? పాప పేరు పక్కన "ఎవరితో?" అని రాసి అక్కడే ఆగిపోయాం, చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మీరు కూడా ఒక్కో పేరుకి ఎవరు ఉంటారు, ఎవరు వస్తారు, ఇంకో పది రోజుల హోటల్, తిండి, మందుల డబ్బులు ఎక్కణ్ణుంచి అన్నది రాస్కోండి, ఏ గడి ఖాళీగా మిగిలినా అది తేలేదాకా అడ్వాన్స్ కట్టొద్దు.

ఇక విమానాలే ఆగిపోతే మన చేతుల్లో ఏమీ ఉండదు. 2021 ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్లని యూఏఈ ఆపేసింది, మొదట 10 రోజులే అన్నారు, అది ఆగస్టు దాకా సాగింది. అదే ఏడాది మేలో ఆస్ట్రేలియా అయితే ఇండియాలో ఉన్న తన సొంత పౌరుల్నే కొన్నాళ్లు రానివ్వలేదు. మన దగ్గర 2021 నవంబర్ 26న, డిసెంబర్ 15 నుంచి రెగ్యులర్ ఇంటర్నేషనల్ ఫ్లైట్లు మొదలని ప్రకటించారు, సరిగ్గా అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్ పేరు చెప్పింది, వారం తిరక్కుండా వాయిదా పడింది, చివరికి మొదలైంది 2022 మార్చి 27న. అందుకే మూడు నెలల ముందు చూసిన రూల్‌ని నమ్ముకుని ఏదీ ఖాయం చేస్కోవద్దు.

తర్వాత: ఎవరెవరు వెళ్తున్నారు, ఎవరి దగ్గరికి తిరిగొస్తున్నారు

వెళ్లేవాళ్ల ఆరోగ్యమే కాదు, వచ్చాక మనం ఎవరి పక్కన కూర్చుంటామో వాళ్లదీ చూడాలి. షుగర్, బీపీ, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లుంటే మీ డాక్టర్‌ని ఒక్కొక్కరి గురించి విడిగా అడగండి. పిల్లల సంగతి మర్చిపోవద్దు, ఆ జనవరిలో 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకి అప్పుడే టీకా మొదలైంది, మా పిల్లలిద్దరికీ ఒక్క డోసూ లేదు. రోజూ వాడే మందులు ఇంకో రెండు వారాలకి ఎక్కువ పెట్టుకోండి, ప్రిస్క్రిప్షన్‌తో సహా, కొన్ని నొప్పి మందులకి యూఏఈలో ముందే పర్మిషన్ కావాలి.

కాగితాలు

మన తెలుగువాళ్లకి ఇక్కడో ప్రత్యేకమైన చిక్కు ఉంది, ఇంటిపేరు. ఆధార్‌లో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, టీకాల పోర్టల్ కోవిన్‌లో ఆధార్ చూసి ఎక్కించింది. టీకా సర్టిఫికెట్‌లో పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవాలి, బుక్ చేసే ముందే సరిచేయించుకోండి. టీకా పేరు కూడా చూడండి. కొవాగ్జిన్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి 2021 నవంబర్ 3న గానీ రాలేదు, అప్పటిదాకా మన హైదరాబాద్ టీకా వేయించుకున్నవాళ్లని చాలా దేశాలు టీకా లేనివాళ్ల లాగే చూశాయి. కొవిషీల్డ్ వేయించుకున్నా బ్రిటన్‌లో అక్టోబర్ 11 దాకా 10 రోజుల క్వారంటైన్ తప్పలేదు.

డబ్బులు

ఇన్సూరెన్స్ పాలసీలో రెండు ముక్కలు వెతకండి, అక్కడ ఆసుపత్రి ఖర్చు ఇస్తారా, క్వారంటైన్ హోటల్ ఖర్చు ఇస్తారా. రెండూ వేరు. భయమేసి మనమే మానుకుంటే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. మాకు టికెట్లు చేసిన ఏజెంట్ "ఏం కాదు మేడం, అన్నీ కవర్ అవుతాయి" అన్నాడు, పాలసీ చదివితే క్వారంటైన్ మాటే లేదు. హోటల్ మాత్రం చెకిన్ రోజు పొద్దున దాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది తీస్కున్నాం, ఆ డబ్బులు వెనక్కొచ్చాయి. టికెట్లు డేట్ మార్చుకున్నాం. వీసా ఫీజులు పోయాయి, అవి పోతాయని ముందే అనుకోవాలి.

చివరగా అందర్నీ అడగండి

ముఖ్యంగా ఏమీ మాట్లాడని మనిషిని. ఆ రాత్రి పదకొండింటికి తెనాలి ఫోన్ చేసి పరిస్థితి ఇదీ అత్తయ్యా అని చెప్పా. కాసేపు ఆగి, "మీరు సరదా పడుతున్నారని ఊరుకున్నానమ్మా, మావయ్యకి అసలే ఊపిరి ఆడదు, మీరు అట్నుంచి నేరుగా ఇంటికొస్తారంటే భయంగానే ఉంది" అన్నారు. పొద్దున్నే హోటల్ క్యాన్సిల్ చేసి, పిల్లలు లేచేలోపు సూట్‌కేసులు మంచం కిందకి తోసేశాం.