కథల పుస్తకాలు కాకుండా వేరేవి చదవాలంటే ఎలా ఎంచుకోవాలి? నల్లగొండ, పాలమూరు అమ్మల కోసం

"మంచి పుస్తకం ఏదైనా చెప్పండి" అని అడిగితే టకటకా పది పేర్లు చెప్పేవాళ్లు ఉంటారు. ఆ పదిలో మీకు పనికొచ్చేది ఒకటో రెండో. చంటిపిల్ల తల్లికి, డిగ్రీ మధ్యలో ఆపి పెళ్లి చేసుకున్న అమ్మాయికి, రిటైరైన టీచరమ్మకు ఒకే లిస్టు సరిపోదు. అందుకే చేతిలోకి తీసుకున్న పుస్తకాన్ని నమ్మొచ్చా లేదా అన్నది ఎట్లా తేల్చుకోవాలో ముందు చెప్తాను. పేర్లు తర్వాత వస్తాయి.

ముందు ఒక ప్రశ్న రాసుకోండి

లైబ్రరీకో షాపుకో పోయేముందు ఫోన్లో ఒక్క ప్రశ్న రాసి పెట్టుకోండి. "ఆరోగ్యం" అని రాస్తే లాభం లేదు. "పాపకు విరేచనాలు పట్టుకుంటే అన్నం పెట్టాలా, ఆపాలా" అని రాయండి. "చరిత్ర" అని కాకుండా "రజాకార్ల కాలం అనంగనే నాయనమ్మ ఎందుకు భయపడేది" అని రాయండి. ప్రశ్న ఎంత చిన్నగా ఉంటే పుస్తకం అంత తొందరగా దొరుకుతుంది. ప్రశ్న లేకుండా పోతే అట్ట మీద బొమ్మ బాగున్నదే ఇంటికొస్తుంది.

మీకు తెలిసిన పేజీ తెరవండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ముందుమాట చదవకండి, అందులో అందరూ మెచ్చుకునే ఉంటారు. విషయసూచిక చూసి, మీకు ముందే బాగా తెలిసిన సంగతి ఉన్న పేజీ తీయండి. ఆ పేజీలో తప్పు చెప్పిన పుస్తకం, మీకు తెలియని పేజీలో నిజం చెప్తుందని నమ్మడమెట్లా?

ఆరోగ్యం పుస్తకమైతే మన దగ్గర మంచి పరీక్ష ఒకటుంది: నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వాళ్లకు ఫ్లోరైడ్ గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. "కాచి చల్లార్చి తాగితే ఏ నీళ్లయినా మంచివే" అని రాసిన పుస్తకాన్ని అక్కడే మూసేయండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదని మన ప్రమాణాలు చెప్తాయి. ఆ లెక్క కూడా ఇచ్చిన రచయిత కొంత పని చేసినట్టు.

పిల్లల పెంపకం పుస్తకమైతే ముర్రుపాల పేజీ తీయండి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు, తేనె ఏవీ వద్దు. విరేచనాలైతే తిండి ఆపొద్దు, ఓఆర్ఎస్ తాగించాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలపాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఇంటికి తీసుకుపోండి.

ఇంకో చిక్కుంది. పిల్లల పెంపకం మీద తెలుగులోకి వచ్చిన అనువాదాలు కొన్ని "పిల్లలకు వేరే గది ఇవ్వండి, వారాంతంలో క్యాంపుకు పంపండి" అంటాయి. రెండు గదుల ఇంట్లో అయిదుగురం, ఒక్క స్మార్ట్‌ఫోన్ ఉన్న మనకు ఆ పుస్తకం గిల్టు తప్ప ఏమీ ఇవ్వదు. బస్టాండ్లో అమ్మే "నెల రోజుల్లో విజయం" బాపతు పుస్తకాల మీద నాకున్న అభిప్రాయం ఇక్కడ రాయను, మీకు అర్థమయ్యే ఉంటుంది.

చివరికి, ఎప్పుడు అచ్చయిందో చూడండి. చరిత్రకు పాత పుస్తకమైనా నడుస్తుంది. మందుల పేర్లు, డోసులు ఉన్న పుస్తకం పాతదైతే రోగం ఏంటో అర్థం చేసుకోవడానికే వాడండి, మందు మాత్రం డాక్టరునే అడగండి.

ఎక్కడ దొరుకుతాయి

ముందు జిల్లా కేంద్ర గ్రంథాలయం. ఇంటిపన్నుతో పాటు లైబ్రరీ సెస్సు మీరు కడుతూనే ఉన్నారు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. చిన్న డిపాజిట్‌తో సభ్యత్వం ఇస్తారు. పోటీ పరీక్షల పిల్లలతో హాలు నిండిపోయి ఉన్నా, ఇంటికిచ్చే పుస్తకాల బీరువాలు వేరే ఉంటాయి, అడగండి. కొనాలనుకుంటే డిసెంబరు చుట్టుపక్కల జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్ మంచిది, నాలుగు పేజీలు నిలబడి చదివినా ఎవరూ ఏమీ అనరు.

దేనితో మొదలుపెట్టాలి

బడికి పోయే పిల్లలుంటే "రైలుబడి". జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసిన పుస్తకం, 1981లో వచ్చింది. తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అల్లరి ఎక్కువైందని ఒక బడి వెళ్లగొట్టిన పిల్లను, పాత రైలు పెట్టెల్లో క్లాసులు నడిపే ఇంకో బడి చేర్చుకుంటుంది. అందులో ఒక సంగతి చెప్తాను. ఆ పిల్ల తన పర్సు మరుగుదొడ్డి గుంతలో పడేసుకుంటుంది. గరిటె తెచ్చి గుంతలోదంతా తోడి కుప్ప పోస్తుంటే హెడ్మాస్టరు అటుగా వస్తాడు. ఏం చేస్తున్నావని అడిగి, "అయ్యాక మళ్లీ అందులోనే వేసేస్తావు కదా?" అని మాత్రం అని వెళ్లిపోతాడు. మనమైతే ఏం చేసేవాళ్లమో ఒకసారి ఊహించుకోండి. మందలించకుండా పిల్లను ఎట్లా నమ్మొచ్చో ఈ ఒక్క పేజీ చెప్పినంతగా పెద్ద పెద్ద పెంపకం పుస్తకాలు చెప్పవు. ఇది నచ్చితే గుజరాత్ టీచరు గిజుభాయి రాసిన "పగటి కల" తీసుకోండి.

ఒంటి గురించి అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలుంటే "సవాలక్ష సందేహాలు". ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఆడవాళ్లు కలిసి తయారుచేసిన పుస్తకం, 1991 నాటిది. దీనికీ, డేవిడ్ వెర్నర్ రాసిన ఆరోగ్యం పుస్తకం "వైద్యుడు లేని చోట"కూ పైన చెప్పిన పాత మందుల జాగ్రత్త వర్తిస్తుంది.

మన నేల చరిత్ర కావాలంటే స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల బృందం 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర". తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ మాటల్లోనే చెప్పుకున్నారు. చాకలి ఐలమ్మ మాటలున్నాయి. అజ్ఞాతంలో ఉండి పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి మాటలూ ఉన్నాయి, అవి రాత్రిపూట ఒంటరిగా చదవొద్దని నా సలహా. ఒక్కరి జీవితమే వరసగా కావాలంటే అదే పోరాటంలో ఉన్న మల్లు స్వరాజ్యం ఆత్మకథ "నా మాటే తుపాకీ తూటా" తీసుకోండి. ఆమెది అప్పటి నల్లగొండ జిల్లా కర్విరాల కొత్తగూడెం.

పాలమూరు వాళ్లకు సురవరం ప్రతాపరెడ్డి ఉన్నారు. ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వచ్చింది, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, పాత కావ్యాలు వెతికి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని ఏరి రాశారు. భాష కాస్త పాతది. మొదటి పేజీ నుంచి పట్టుబట్టకుండా కాకతీయుల అధ్యాయంతో మొదలుపెట్టండి. రచయిత 1953లో పోయారు, 60 ఏళ్ల కాపీరైటు తీరిపోయింది, కాబట్టి తెలుగు వికీసోర్స్ అనే వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.

టైం అసలే దొరకదంటారా? గాంధీ ఆత్మకథ "సత్యశోధన" చూడండి. 1925 నుంచి 1929 దాకా వారం వారం పత్రికలో వచ్చింది కాబట్టి అధ్యాయాలన్నీ చిన్నవి. పిల్లల స్కూల్ బస్సు వచ్చేలోపు ఒకటి అయిపోతుంది.

ఇంట్లో చదవడం

యాభై పేజీలు చదివినా మీ ప్రశ్నకు దగ్గరికి రాకపోతే టెన్షన్ పడకుండా పక్కన పెట్టేయండి. పూర్తి చేయకపోతే ఫైన్ ఏమీ లేదు, గడువు దాటితేనే లైబ్రరీ వాళ్లు వేస్తారు.

చదువు రాని అత్తమ్మ ఇంట్లో ఉంటే పోరాటం పుస్తకాలు ఆమెకు వినిపించేటట్టు పైకి చదవండి. "అట్లా కాదే, మా ఊళ్లో ఇట్లా జరిగింది" అని ఆమె అడ్డం తగిలితే, ఫోన్లో రికార్డు ఆన్ చేసి పక్కన పెట్టండి. ఊరి పేరు, మనుషుల పేర్లు, ఆమె స్వయంగా చూసిందా, విన్నదా అని అడగండి. తర్వాత పుస్తకంలో ఆ ఊరి పేరు వెతకండి. రెండూ కలవకపోతే, మళ్లీ లైబ్రరీకి పోయేముందు రాసుకోవాల్సిన ప్రశ్న అదే.