లేఆఫ్ తర్వాత ఏ కోర్సు చేయాలి? ఫీజు కట్టే ముందు ఇది చదవండి

ఉద్యోగం పోయిన వారంలోనే అమీర్‌పేట మెట్రో దిగి, మైత్రీవనం దగ్గర చేతిలో పెట్టిన పాంప్లెట్ పట్టుకుని ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టేయకండి. నేను కట్టాను. ఏడేళ్లు మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని మనిషే వాడి చూసి తప్పులు పట్టే పని) చేసినవాణ్ణి, ఎవరో డేటా సైన్స్‌కి మంచి డిమాండ్ అంటే వెళ్లి చేరిపోయాను. మూడు నెలలు పోయాక చూస్తే ఫ్రెషర్లతో పోటీ పడుతున్నాను, నా ఏడేళ్ల అనుభవం అక్కడ దేనికీ పనికిరాలేదు.

కోర్సు కంటే ముందు కాగితాలు. రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు, ఫారం 16 అన్నీ ఆఫీసు లాగిన్ మూసేసేలోపే తెచ్చుకోండి. పీఎఫ్ రికార్డులో మీరు మానేసిన తేదీ పడిందో లేదో కూడా చూసుకోండి.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకుని, నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో హైదరాబాద్‌కి, మీ అనుభవానికి సరిపోయే ముప్పై ప్రకటనలు తెరవండి. ఒక్కోదాంట్లో ఏం అడిగారో రాసి, మళ్లీ కనిపించినప్పుడల్లా పక్కన గీత పెట్టండి. నేను ఆలస్యంగా ఈ పని చేస్తే సెలీనియం (వెబ్‌సైట్‌ని దానంతటదే పరీక్షించే టూల్), ఏపీఐ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట పరీక్ష) పక్కన గీతలు లైను దాటిపోయాయి, సర్టిఫికెట్ల పేర్ల పక్కన మాత్రం నాలుగైదే. అంటే నేను నేర్చుకోవాల్సింది నా పనికి పక్క మెట్టే, కొత్త మేడ కాదు. మీకూ చాలావరకు అంతే.

సర్టిఫికెట్ అవసరమని ఆ గీతలే చెబితే అప్పుడు డబ్బు పెట్టండి. అమెజాన్ క్లౌడ్ సర్టిఫికెట్ అయిన ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష ఫీజు 150 డాలర్లు, 3 ఏళ్లు చెల్లుతుంది. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయివి ఏడాదే చెల్లుతాయి, కానీ ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యువల్ చేసుకోవచ్చు. టెస్టింగ్ వాళ్లకి ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ అనే సర్టిఫికెట్ పరీక్ష ఉంది: 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 వస్తే పాస్, దానికి గడువు లేదు. ఐఐటీలు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితమే, మంచివి కూడా, కాకపోతే పరీక్షలు సెమిస్టర్ లెక్కన జరుగుతాయి కాబట్టి తొందరలో ఉన్నవాళ్లకి కుదరకపోవచ్చు. ఫ్యాక్టరీ పనివాళ్లయితే బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న శిక్షణ సంస్థ సీఐటీడీలో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు), టూల్ డిజైన్ కోర్సులు అడగండి.

కోచింగ్‌కే వెళ్లాలనుకుంటే డెమో క్లాస్ చూసి మోసపోకండి, ఆ రోజు ఎవరైనా బాగానే చెబుతారు. నడుస్తున్న బ్యాచ్‌లో సగం దాటాక జరిగే ఒక క్లాసులో కూర్చోనివ్వమని అడగండి, కుదరదంటే బయటికొచ్చేయండి. కింద టీ కొట్టు దగ్గర పాత బ్యాచ్ వాళ్లు దొరుకుతారు, అసలు సంగతి వాళ్లు చెబుతారు. 'నో కాస్ట్ ఈఎంఐ' అన్నారంటే చాలాసార్లు అది మీ పేరు మీద తీసుకునే లోన్, మధ్యలో కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు, సంతకం పెట్టే ముందు ప్రతి పేజీ చదవండి. ఇక ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే వాళ్ల జోలికి అస్సలు పోవద్దు. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మీరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో ఉంటుంది, వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది.

నేర్చుకునే రోజుల్లోనే ఒక చిన్న ప్రాజెక్టు చేసి, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి. నేను టికెట్ బుకింగ్ లాంటి ఒక డెమో సైట్‌కి టెస్టులు రాసి పెట్టాను. ఇంటర్వ్యూ చేసినావిడ గిట్‌హబ్‌లో నా ప్రాజెక్టు తెరిచి, 'ఈ టెస్ట్ ఒకసారి పాసై ఇంకోసారి ఎందుకు ఫెయిలవుతోంది?' అని అడిగారు. పేజీ లోడ్ కాకముందే బటన్ నొక్కేస్తోందని, కాసేపు ఆగమనే 'వెయిట్' లైను ఎక్కడ పెట్టాలో చూపించాను. ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం. డంప్స్ (బయటికొచ్చిన పాత పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి పాసైనవాళ్లు సరిగ్గా ఇలాంటి చోటే ఆగిపోతారు. నేను తెచ్చుకున్న సర్టిఫికెట్ గురించి ఆవిడ అడగనే లేదు, అయితే హెచ్ఆర్ నుంచి ఆ ఇంటర్వ్యూ కాల్ రావడానికి ఆ సర్టిఫికెట్టే పనికొచ్చింది.

పాత టీమ్‌వాళ్లకి మెసేజ్ పెట్టేటప్పుడు 'ఏదైనా ఉంటే చూడు అన్నా' అని ఊరుకోకుండా, వాళ్ల కంపెనీలో ఉన్న ఓపెనింగ్ లింకు, మీ ప్రాజెక్టు లింకు కలిపి పంపండి, రిఫర్ చేయడం వాళ్లకి తేలికవుతుంది. గ్యాప్ గురించి అడిగితే దాచకండి, సాగదీయకండి: 'మా టీమ్ మొత్తాన్ని తీసేశారండీ, ఈ నాలుగు నెలల్లో ఇది నేర్చుకున్నాను' అని చెప్పి స్క్రీన్ షేర్ చేసి చూపించండి.