గుట్టల దోవల్లో సైకిల్ ఎక్కే ముందు

వానలు తగ్గి పొద్దున పూట కాస్త చల్లబడగానే కడప చుట్టుపక్కల సైకిల్ పిచ్చోళ్ళకు గుట్టలు గుర్తొస్తాయి. విదేశాల్లో సైకిళ్ళ కోసమే దోవలు తీసిపెట్టిన ట్రైల్ సెంటర్లలో దోవ ఎంత కష్టమో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగుల బోర్డులే చెప్తాయి, బాగుచేసే మనుషులూ ఉంటారు. మన దోవలు అలాంటివి కావు. నలుగురు కుర్రాళ్ళు ఆదివారాలు పార, గడ్డపార పట్టుకొని, మేకలు నడిచిన జాడనే వెడల్పు చేసి తీసినవి. పోయిన జనవరిలో తొక్కినట్టే ఇప్పుడూ తొక్కేయొచ్చని అనుకుంటే అక్కడే దెబ్బ తింటారు.

ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి. పాలకొండలు, లంకమల ఎర్రచందనం పెరిగే కొండలు. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులో దూరితే 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ఉంది, అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం కూడా. తెల్లారకముందే నెత్తిన లైటు, వీపున బ్యాగుతో పొదల్లోంచి దిగేవాణ్ణి చూసి ఎర్రచందనం దొంగలను పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్ళు సైకిల్ కోసమే వచ్చాడనుకుంటారని నాకైతే నమ్మకం లేదు. లంకమల పొదల్లో కలివికోడి సంగతి వేరే ఉంది. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ కనిపించింది. అలాంటి చోట పొదలు కొట్టి కొత్త దోవ తీసే ఆలోచనే వద్దు. అడవి హద్దుకు ఇవతల ఊరి గుట్టలు చాలానే ఉన్నాయి. పట్టా భూమైతే రైతును అడగండి, ఊరి భూమైతే ఊళ్ళో ఒక మాట చెప్పండి.

సీజన్లో మొదటిసారి దోవనంతా నడిచి చూడాల్సిందే. నడిచే ముందు గొర్రెల కాపరిని పలకరించండి. "అన్నా, పైన దోవ ఎట్లుంది?" అంటే "వంక కాడ తెగింది సామీ, ఆ మలుపులో కంప గూడా యేసినారు" అని ఏ యాప్‌లోనూ దొరకని సంగతి చెప్తాడు. కంప మాట తేలిగ్గా తీసుకోవద్దు. పంట మీదికి గొర్రెలు రాకుండా రైతు దోవకు అడ్డంగా వేసిన ముళ్ళకంప, మలుపు తిరిగేదాకా కనపడదు. స్పీడుగా వస్తే నేరుగా మొహం మీదికే. దాన్ని తీసి పోతే మళ్ళీ అక్కడే వేసి పోండి, లేకపోతే మరుసటి వారం దోవే ఉండదు. అడవిపందుల కోసం కొందరు దొంగతనంగా చేలచుట్టూ కరెంటు తీగ లాగుతారు. అందుకే వెలుతురు వచ్చేదాకా చేల గట్ల మీద తిరగొద్దు. పాత దిగుడుబావులకు చాలాచోట్ల చుట్టుగోడ ఉండదు, దోవ పక్కన ఎక్కడున్నాయో నడిచేటప్పుడే చూసి పెట్టుకోండి. సైకిల్‌ను గాల్లోకి ఎగరేయడానికి కుర్రాళ్ళు కట్టిన జంపుల మట్టి వానకు లోపల గుల్లబారి ఉండొచ్చు. పైకెక్కి మడమతో గట్టిగా తొక్కి చూడండి, కుంగితే ఆరోజుకు దాన్ని తప్పించుకొని పోండి.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి సంగతి మీకు తెలిసిందే. తడిసిందంటే చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కొని సైకిల్‌ను కదలనివ్వదు. ఆ తడి మీద పడిన టైరు గాడి తర్వాతి వానకు కాలువవుతుంది, పాపం ఎవరో తీసిన దోవ మీ చేతుల్లో పాడవుతుంది. రెండు మూడు రోజులు ఎండనివ్వండి. నాపరాయి బండలు ఆరినట్టు కనిపించినా నీడలో పాచి పట్టి ఉంటాయి. వాటి మీద ముందు చక్రం బ్రేకు పట్టొద్దు, బండకు ముందే స్పీడు తగ్గించుకోండి.

ఇక ముళ్ళు. సర్కారు తుమ్మ ముల్లు టైరులోకి దిగి, మొన విరిగి లోపలే ఉండిపోతుంది. అది చూడకుండా కొత్త ట్యూబు వేస్తే నాలుగు గజాలు పోకముందే మళ్ళీ పంక్చర్. టైరు లోపల గుడ్డతో తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లుంటుంది. వేలితో వెతికితే వేలికే దిగుతుంది. ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైరైతే, చిల్లులు పూడ్చడానికి లోపల పోసే సీలెంట్ మన ఎండలకు తొందరగా ఎండిపోతుంది, ఎండాకాలం మూలన పెట్టిన సైకిల్‌ను సీలెంట్ పోయకుండా బయటికి తీయొద్దు.

చలి మొదలైందంటే వానలు పోయినట్టు కాదు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట వరదకు తెగింది 2021 నవంబరు 19న. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైకొండల్లో వాన పడితే వంక పొంగుతుంది, పారే వంకలో సైకిల్ దించొద్దు. ఒక పూటకు మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకొని పది గంటలకల్లా కిందికి దిగిపోండి. గువ్వలచెరువు పాలకోవా దిగాక తినొచ్చు.

ముగ్గురికి తక్కువ పోవద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కనుండాలి, ఒకరు సిగ్నల్ దొరికే చోటికి పోవాలి. 108కి ఫోన్ చేసి "గుట్ట మీద ఉన్నాం" అంటే ఎవరికీ అర్థం కాదు. అంబులెన్స్ రాగలిగిన గుడో బడో ఏదో ఒకటి, ఏ ఊరిదో, ఎక్కే ముందే అందరూ అనుకొని పెట్టుకోండి. రాళ్ళసందుల్లో రక్తపింజర, చిన్న పొడపాము ఉంటాయి, సైకిల్ ఆపి చూడకుండా రాతి మీద చేయి పెట్టొద్దు. కాటేస్తే కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలో చేయో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొచ్చి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి. మీ దోవకు దగ్గర్లో అది ఎక్కడ దొరుకుతుందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి.