గోబర్ గ్యాస్ మనమే నడుపుకుందాం, 4వ పాఠం: ‘సరిపడా నీళ్లు’ అంటే ఎన్ని?

ఈసారి స్టవ్, నాజిల్, పైపు గురించి చెప్తానన్నాను కదా, అది వచ్చే పాఠానికి జరిగిపోయింది. ఎందుకంటే 3వ పాఠం చూసి డైజెస్టర్ (పేడ మాగి గ్యాస్ తయారయ్యే మూసిన తొట్టి) నింపినవాళ్లు వరసపెట్టి ఫోన్లు, దాదాపు అందరిదీ ఒకటే గోల, “మొదట్లో బాగానే వెలిగిందండీ, ఇప్పుడు టీ కూడా కాగట్లేదు” అని. తప్పు నాదే, “పేడలో సరిపడా నీళ్లు కలిపి పొయ్యండి” అని రాసి ఊరుకున్నా. సరిపడా అంటే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క.

అసలు మొదట్నుంచీ వెలగనివాళ్ల సంగతి వేరు. మొదట వచ్చే గ్యాస్‌లో గాలీ, కార్బన్ డయాక్సైడూ ఎక్కువుంటాయి, చుట్టుపక్కల బీడీ నిప్పు కూడా లేకుండా చూసుకుని ఒకట్రెండుసార్లు వాల్వ్ తిప్పి వదిలెయ్యండి, తర్వాత మామూలుగా వెలుగుతుంది. అంతే.

ఇప్పుడు నీళ్లు. తాజా పేడ కిలోకి నీళ్లు లీటరు. నేను 20 లీటర్ల పాత పెయింట్ బకెట్‌తో కొలుస్తా, ఎంత పేడో అంత నీళ్లు, త్రాసు గోల లేదు. కలిపాక దోశెల పిండిలా జారాలి, వాకిట్లో చల్లే కళ్లాపిలా ఉంటే చెడినట్టే. ఎండకి ఆరిన పేడైతే నీళ్లు కాస్త ఎక్కువ పడతాయి, పచ్చగడ్డి మేసి గేదె జారుగా వేస్తే కొంచెం తగ్గించండి. చేత్తోనే కలపండి, కర్రతో తిప్పితే అడుగున ఉండలు ఉండిపోతాయి, గడ్డిపరకలూ రాళ్లూ చేతికి దొరకవు.

ఇదంతా సరిగ్గానే చేసిన ఒకాయన నాతో గొడవేసుకున్నాడు, “సమానంగానే పోస్తున్నానండీ, మీ లెక్కే తప్పు” అని. సరే బాబూ, పాక కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయి అనడిగా. “అవీ దాన్లోకేనండీ, సిమెంటు కాలవ కట్టించాం కదా!” అన్నాడు గర్వంగా. నాకు ఒళ్లు మండేది ఈ కాలవలతోనే, చూడ్డానికి భలే ఉంటాయి, పేడ ఎత్తే పని తప్పుతుంది, ప్లాంటు మాత్రం మెల్లగా చస్తుంది.

ఎలాగో లెక్క వేసుకుందాం. నాకు రెండు గేదెలు, చేతికొచ్చేది రోజుకి 25 కిలోల పేడ. దానికి 25 లీటర్ల నీళ్లు, అంటే రోజూ లోపలికి పోయేది సుమారు 50 లీటర్లు. పేడ లోపల 40 రోజులు మాగాలనుకుంటే 50 ఇంటూ 40, మొత్తం 2,000 లీటర్ల చోటు కావాలి, నా డైజెస్టర్ అంతే. (చలి ప్రాంతాల్లో అయితే 55 రోజుల లెక్కన కడతారు.) ఇప్పుడు పాక కడిగిన నీళ్లు ఇంకో 100 లీటర్లు దాన్లోకి వదిలామనుకోండి, రోజుకి 150 అయింది. 2,000ని 150తో భాగించండి, 13 రోజులు! 40 రోజులు ఉండాల్సిన పేడ 13 రోజులకే అవతలి గుంటలోకి వచ్చేస్తోంది, గ్యాస్ చేసే బ్యాక్టీరియా నిదానంగా పెరిగేది, అది పెరిగేలోపే పేడతో పాటు బయటికి కొట్టుకుపోతోంది. లోపల నీళ్లే మిగులుతాయి, నీళ్లు మండవు కదా.

నమ్మకపోతే అవుట్‌లెట్ గుంట దగ్గర కూర్చుని చూడండి. బాగా మాగి బయటికొచ్చే స్లర్రీకి, అంటే ఆ పేడ జావకి, పేడ కంపు ఉండదు, ఈగలు పెద్దగా వాలవు. మీ గుంటలో పచ్చిపేడ వాసనొస్తూ, పైన బుడబుడమని బుడగలు లేస్తున్నాయంటే, ఆ బుడగలే మీ స్టవ్‌కి రావాల్సిన గ్యాస్. కిలో పేడకి దాదాపు 40 లీటర్ల గ్యాస్ రావాలి, నా 25 కిలోలకి ఒక ఘనపు మీటరు, అది 0.43 కిలోల ఎల్పీజీ పెట్టు. 14.2 కిలోల సిలిండర్‌తో పోల్చుకుంటే 33 రోజులకొక సిలిండర్ గుంటలో బుడగలైపోతున్నట్టు.

ఇంకోటి, పాక కడిగే నీళ్లలో ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ ఉంటాయి. ఒకసారి నేనే ఫినాయిల్ బకెట్ ఇన్‌లెట్లో ఒంపేశాను, మూడు వారాలు కట్టెల పొయ్యే గతి, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడుతున్న గేదె పేడ కూడా ఆ కొన్నాళ్లు పక్కన పెంటకి వేసెయ్యండి.

ఇప్పటికే పలచబడిపోయినవాళ్లు ప్లాంటు ఖాళీ చెయ్యకండి. కాలవ మూసి ఆ నీళ్లు అరటి మొక్కలకి మళ్లించండి, ఓ వారం సగం పేడే వెయ్యండి, బాగా నడుస్తున్న ప్లాంటు దగ్గర్లో ఉంటే దాని అవుట్‌లెట్ నుంచి నాలుగైదు బకెట్ల స్లర్రీ తెచ్చి పొయ్యండి, పెరుగుకి తోడేసినట్టే.

గ్యాస్ నిండితే పైకి లేచే ఇనప డ్రమ్ము ఉన్నదా, ఇటుకలతో గుమ్మటంలా కట్టే, 1984లో వచ్చిన దీనబంధు మోడలా ఏది మంచిదని కూడా అడిగారు. దీనబంధు చవక, ఇనుము ఉండదు, తుప్పు లేదు. నాకు మాత్రం డ్రమ్మే ఇష్టం, పైకి లేస్తే కూర వండుకోవచ్చని దూరం నుంచే తెలిసిపోతుంది.

ప్రాక్టీసు: రేపు పాక కడిగేటప్పుడు పైపు కింద 10 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి, మొత్తం ఎన్ని నిమిషాలు కడిగారో దాన్నిబట్టి నీళ్లు లెక్కగట్టండి. తర్వాత 40 రోజులు, అవును నలభై, నోట్‌బుక్‌లో రోజూ మూడు అంకెలు రాయండి: పేడ బకెట్లు, నీళ్ల బకెట్లు, స్టవ్ వెలిగిన నిమిషాలు. ఆ నోట్‌బుక్ చేతిలో లేకుండా నాకు ఫోన్ చెయ్యొద్దు.