వైద్య పరిశోధన చదవడం నేర్చుకుందాం – 4: శాతం దేని మీద?

మూత్రాశయ క్యాన్సర్‌లో బీసీజీ (క్షయకి వేసే టీకామందే) వాడితే, మరో మందు కన్నా తిరగబెట్టే ముప్పు 32 శాతం తక్కువ అంటే అర్థమేంటని పోయినసారి అడిగాను. వచ్చిన జవాబులు చూశాక, ఈ వారం అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. "బీసీజీ వేస్తే వందలో 32 మందికి క్యాన్సర్ తిరగబెట్టదు" అనే ఎక్కువమంది రాశారు. అది తప్పు. పలాస నుంచి ఒకాయన ఆ 32 కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కూడా కొట్టారు.

మూత్రాశయం కండరందాకా దిగని గడ్డని మూత్రం బయటికొచ్చే దారి గుండానే తీసేస్తారు. మళ్లీ రాకుండా మైటోమైసినో (ఇది క్యాన్సర్ కణాల్ని చంపే మందు) బీసీజీనో కాథెటర్‌తో, అంటే సన్నటి గొట్టంతో, లోపలికి ఎక్కిస్తారు. ఇదంతా రెండో పాఠంలో అయిపోయింది, మళ్లీ చెప్పను. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు, దీనితో కలపకండి.

2009లో 9 ట్రయల్స్ (రోగుల మీద మందుల్ని పోల్చి చూసే పరీక్షలు), 2,820 మంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణ మనం చదువుతున్నది. అందులో మెయింటెనెన్స్ డోసులు (మొదటి విడత అయ్యాక కూడా మధ్యమధ్య ఇస్తూ పోయేవి) ఇచ్చిన చోట, మైటోమైసిన్ కన్నా బీసీజీతో తిరగబెట్టే ముప్పు 32 శాతం తక్కువ. ఆ 32 శాతం దేనిలో?

వంద జీడిపిక్కలు కొడితే 50 పుచ్చులు అనుకోండి. పుచ్చు 32 శాతం తగ్గిందంటే ఆ 50లోనే తగ్గింది: 16 పోయి 34 మిగిలాయి. మొదట 10 పుచ్చులే ఉంటే? తగ్గేవి మూడు. శాతం అదే 32. పిక్కలు కొనేవాడికి పదహారూ మూడూ ఒకటేనా? అసలు విశ్లేషణలో ఎన్నాళ్లకి తిరగబెట్టిందన్న కాలం కూడా కలుస్తుంది కాబట్టి లెక్క ఇంత సూటిగా ఉండదు, ఇది తలకెక్కడానికే.

ఇంకోటి. మెయింటెనెన్స్ లేని ట్రయల్స్‌లో అదే బీసీజీతో ముప్పు మైటోమైసిన్ కన్నా 28 శాతం ఎక్కువ! మందు ఒకటే, ఇచ్చిన పద్ధతి వేరు. అందుకే పేపర్లో బీసీజీ అని కనబడగానే నేను సారాంశం వదిలేసి, ఎన్ని డోసులు, ఎన్నాళ్లు అని వెతుకుతాను.

తిరగబెట్టడం వేరు, ముదిరి లోతుకి పాకడం వేరు. ఆ రెండోదాంట్లో, బతికిన కాలంలో ఈ రెండు మందుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అభ్యాసం: మైటోమైసిన్ వైపు వందలో 40 మందికి తిరగబెట్టిందనుకుని, మెయింటెనెన్స్ ఉన్న బీసీజీకి, లేనిదానికి లెక్క కట్టండి. తర్వాత ఇంట్లో చదువుకోని పెద్దవాళ్లకి పిక్కలతో చెప్పి, వాళ్లు తిరిగి మీకు చెప్పిన మాటలే రాయండి. అందులో "శాతం" అన్న మాట ఉంటే మార్కులు లేవు. ఎర్ర సిరా వాడొద్దు, అది నాది.