వసంతం మొదట్లో చేపల వేటకు మధ్యాహ్నమే మేలు

చలి ఇంకా పూర్తిగా పోకముందే, గైడ్‌ను పెట్టుకుని తీరం దగ్గరి ఉప్పునీళ్లలో గాలం వేయడానికి వెళ్తున్నారా? అయితే తెల్లవారుజాము ట్రిప్ బుక్ చేసుకోకండి. వేసవిలో అది బాగుంటుంది కానీ, ఇప్పుడు రాత్రంతా చల్లబడ్డ నీళ్లలో చేప మందకొడిగా ఉంటుంది. దాని ఒంటి వేడి నీటిని బట్టే మారుతుంది కాబట్టి, చల్లటి నీళ్లలో ఆకలీ తక్కువే.

మధ్యాహ్నానికి లోతు లేని చోట్ల, ముఖ్యంగా అడుగున నల్లటి బురద ఉన్నచోట, ఎండ పట్టి నీళ్లు ముందుగా వేడెక్కుతాయి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఉన్నా చేపలు అటు చేరతాయి. తేదీ ఖాయం చేసేముందు ఆటుపోట్ల పట్టిక కూడా చూడండి. మధ్యాహ్నం దాటాక పోటు తగ్గి నీరు వెనక్కి తీయడం మొదలయ్యే రోజు దొరికితే అస్సలు వదలొద్దు. మెరక మీద వేడెక్కిన నీళ్లు పాయల్లోకి దిగుతూ రొయ్యల్నీ, చిన్న చేపల్నీ లాక్కొస్తాయి. పెద్ద చేపలు ఆ పాయ మొదట్లోనే కాచుకుని ఉంటాయి.

ఎరను మాత్రం నెమ్మదిగా లాగాలి, మీకే విసుగొచ్చేంత నెమ్మదిగా. గైడ్ చెప్తున్నా వినకుండా గబగబా రీల్ తిప్పి నేనొకసారి ఖాళీ చేతులతో వచ్చాను.

ఒడ్డున వెచ్చగా ఉన్నా, పడవ వేగం అందుకుంటే గాలి కోసేస్తుంది, జాకెట్ తప్పనిసరి. లైసెన్సు మీరు విడిగా తీసుకోవాలా, గైడ్‌దే సరిపోతుందా అన్నది ముందే అడగండి. చోటును బట్టి రూల్ మారుతుంది.