వైరస్ బొమ్మ చదవడం, 3వ పాఠం: పొక్కులోని వైరస్ ఏ కుటుంబానిది?

పోయిన పాఠంలో గ్రిడ్ తయారుచేశాం. 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీద పొక్కులోని నీరు ఒక చుక్క వేసి, పైన ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం వేశాం. ఈ స్టెయిన్ (రంగుమందు) వైరస్ చుట్టూ పేరుకుంటుంది కాబట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలో చుట్టుపక్కలంతా నల్లగా, వైరస్ తెల్లగా కనిపిస్తుంది.

బొమ్మ చేతికి రాగానే ముందు మూలనున్న స్కేల్ గీత చూడండి. కొత్తవాళ్ల కళ్లు నేరుగా వైరస్ మీదికే పోతాయి, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. 100 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు) అని రాసిన గీతను కొలిస్తే 20 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అంటే బొమ్మ మీది ప్రతి మిల్లీమీటరూ 5 నానోమీటర్లు. వైరస్ కణం (ఒక్కో విడి వైరస్) పొడవు 52, వెడల్పు 44 మిల్లీమీటర్లు ఉంటే, అసలు సైజు 260, 220 నానోమీటర్లు. ఇంత పెద్దగా ఉండి, మూలలు అరిగిన ఇటుకలా కనిపిస్తూ, ఒంటినిండా పొట్టి గొట్టాల్లాంటి గీతలుంటే అది పాక్స్ కుటుంబం.

ఆటలమ్మ వైరస్ హెర్పిస్ కుటుంబానిది. లోపల, బొమ్మలో ఆరు పలకలుగా కనిపించే గుల్ల, సుమారు 100 నానోమీటర్లు. చుట్టూ వదులుగా ఒక పొర. ఆ పొర చిరిగిపోయి గుల్ల ఒక్కటే మిగలడం మామూలే. అందుకే ఒకే కణాన్ని చూసి తేల్చేయకండి, గ్రిడ్‌లో నాలుగైదు చోట్ల వెతకండి.

దీంతో ఒరిగేదేంటో 2003లో అమెరికాలో తెలిసింది. విస్కాన్సిన్‌లో పెంపుడు ప్రెయిరీ డాగ్ (ఉడుత జాతి జంతువు) కరిచిన ఒక పాపకు జ్వరం, పొక్కులు వచ్చాయి. మార్ష్‌ఫీల్డ్ క్లినిక్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పాక్స్ కణాలు కనిపించాయి. పాపకు వచ్చింది ఆ కుటుంబానికే చెందిన మంకీపాక్స్. ఆ దేశంలో అది ఉంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేయాలంటే ఏ వైరస్‌ కోసం వెతుకుతున్నామో ముందే ఊహించి దానికి తగ్గ ప్రైమర్ (ఆ వైరస్ జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) వేయాలి. మైక్రోస్కోప్‌కు ఆ ఊహతో పనిలేదు, నాకు దీనిమీద ఇష్టం అందుకే.

అయితే ఈ బొమ్మ ఇంటిపేరు వరకే చెబుతుంది. మశూచి, మంకీపాక్స్ కణాలు పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. అది మంకీపాక్స్ అని తేల్చింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చేసిన పీసీఆర్ లాంటి పరీక్షలే. గొర్రెలు, మేకల మూతి పుండ్లలో ఉండే ఆర్ఫ్ కూడా పాక్సే గానీ, దాన్ని గుర్తుపట్టొచ్చు: కోలగా ఉంటుంది, పైన గీతలు గళ్లుగళ్లుగా అల్లుకుంటాయి.

ఇంకో మాట. మిల్లీలీటరులో లక్ష నుంచి పది లక్షల కణాలైనా లేకపోతే ఈ పద్ధతిలో ఏమీ కనిపించకపోవచ్చు. పొక్కు నీటిలో వైరస్ దండిగా ఉంటుంది కాబట్టి నడుస్తుంది. ఏమీ కనబడకపోతే రిపోర్టులో 'కణాలు కనిపించలేదు' అనే రాయండి, 'వైరస్ లేదు' అని రాయకండి.

అభ్యాసం: 100 నానోమీటర్ల గీత పొడవు 15 మిల్లీమీటర్లు. ఆరు పలకల గుల్ల 15 మిల్లీమీటర్లు, బయటి పొరతో కలిపి 27. సైజులు లెక్కకట్టి కుటుంబం పేరు రాయండి. రోగికి ఆటలమ్మేనని ఈ ఒక్క బొమ్మతో చెప్పొచ్చా? పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ కూడా ఇదే కుటుంబమని గుర్తుపెట్టుకుని జవాబు రాయండి.